స్లాబు పోసేలోపే తేలిపోయే కరెంటు బిల్లు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్తిల్లు కట్టుకునేవాళ్ల దగ్గర కరెంటు ఆదా మాటెత్తితే, చర్చ వెంటనే ఫైవ్ స్టార్ ఏసీ మీదికో డాబా మీది సోలార్ పలకల మీదికో వెళ్తుంది. రెండూ మంచివే. కానీ ఆ రెండూ గృహప్రవేశం అయిన రెండేళ్లకైనా కొనుక్కోవచ్చు. పడమటి గోడ దేనితో కట్టాం, కిటికీ ఏ దిక్కున పెట్టాం, అది ఎంతవరకు తెరుచుకుంటుంది, స్లాబు మీద ఏం పరిచాం అన్నవి అలా కావు. పునాదికీ పైకప్పుకీ మధ్య ఉన్న ఆ కొద్ది నెలల్లో వీటిని తేల్చుకోకపోతే, ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రం కొన్నా అది ఇంటి లోపాన్ని కప్పిపుచ్చడానికే కరెంటు తాగుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు కప్పుకి, గోడకి, కిటికీకి ఇస్తున్నాం. యంత్రాల సంగతి చివర్లో వస్తుంది.

ఎండ ఎక్కడ పడుతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది

విజయనగరం సుమారు 18.1, శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. దీని ఫలితం ఇది: మే రెండో వారంలో ఒకసారి, జులై ఆఖరున ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండింటి నడుమ మధ్యాహ్న సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడదు. పొద్దున తూర్పు గోడ, రోజంతా డాబా, మూడు దాటాక పడమటి గోడ కాగుతాయి. తూర్పు ఎండ పడే వేళకి ఇల్లు రాత్రంతా చల్లారి ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. పడమటి ఎండ మాత్రం గాలి, గోడలు, కప్పు అన్నీ అప్పటికే వేడెక్కి ఉన్న సమయంలో వచ్చి మీద పడుతుంది.

రెండో సంగతి ఉక్కపోత. ఇళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరులో 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళి తెచ్చింది. అది దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా చూస్తుంది. మన కోస్తా వేడి, తేమ కలిసిన మండలం. హైదరాబాద్ మిశ్రమ మండలం. తేడా ఎంత ముఖ్యమో చూడండి: గది వైశాల్యంలో తెరుచుకునే కిటికీల వాటా మిశ్రమ మండలంలో ఎనిమిదో వంతు ఉంటే చాలు, మనకి ఆరో వంతు ఉండాలి. తేమ గాలిలో చెమట ఆరాలంటే ఒంటికి గాలి తగలాలి, వేరే దారి లేదు. హైదరాబాద్ విల్లా ప్లాను తెచ్చి కళింగపట్నం పక్కన కడితే ఇల్లు ఊపిరాడనట్టు ఉండటానికి ఇదొక కారణం. ఈ సంహిత మొదట వర్తించింది 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాల స్థలాలకీ అంతకు మించిన వాటికీ. కాబట్టి 150 గజాల్లో సొంతిల్లు కట్టుకునేవారిని ఎవరూ అడగరు. అయినా అందులోని అంకెలు మేస్త్రీతో మాట్లాడటానికి మంచి కొలబద్ద.

డాబా: సగం సమస్య ఇక్కడే

కప్పు నుంచి ఎంత వేడి దిగుతుందో చెప్పే అంకెని యూ-విలువ అంటారు. బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు కప్పు నుంచి ఎన్ని వాట్ల వేడి లోపలికి వస్తుందన్నదే అది. ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పుకి ఇది 1.2 దాటకూడదు. మనం పోసే 5 అంగుళాల ఉత్త స్లాబుకి అది దాదాపు 3.5. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద, ఎండ ప్రభావం కూడా కలుపుకొని, బయట లోపలి కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడి ఉందనుకుందాం. లోపలికి దిగే వేడి సుమారు ఆరున్నర కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తోడిపోయగలిగేది మూడున్నర కిలోవాట్లు. అంటే దాదాపు రెండు టన్నుల ఏసీ సామర్థ్యం కప్పు నుంచి దిగే వేడికే సరిపోతుంది. పైగా కాంక్రీటు మధ్యాహ్నం తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. బయట సముద్రపు గాలి చల్లగా వీస్తున్నా మేడ మీది గదిలో పడుకోలేకపోవడం ఇందువల్లే.

స్లాబు మీద 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు పరిస్తే యూ-విలువ 1 కిందికి వస్తుంది. 50 మిల్లీమీటర్లయితే 0.55 దగ్గరికి వస్తుంది, అంటే వేడి ఆరో వంతుకు పడిపోతుంది. మందం రెట్టింపైనా కూలీ, పైన పోసే కాంక్రీటు ఖర్చు మారవు కనుక 50 వేసుకోవడమే తెలివైన పని. ఎక్స్‌పీఎస్ అంటే మూసుకుపోయిన గదుల్లాంటి అల్లికతో గట్టిగా ఉండే నురుగు బోర్డు. సాంద్రత ఘనపు మీటరుకు 32 కిలోలకు తగ్గనిది అడగాలి. ప్యాకింగుల్లో వచ్చే తెల్లని థర్మాకోల్ చవకే, కానీ అది నీరు పీలుస్తుంది, మనుషులు నడిచే చోట నలిగిపోతుంది. తడిసిన బోర్డు వేడిని ఆపదు. మన జిల్లాల్లో అక్టోబరు తుఫాను వానలు తెలిసినవే, కాబట్టి ఈ తేడా మీద రాజీ పడొద్దు.

పని వరస ఇలా ఉండాలి. స్లాబు తడపడం పూర్తయ్యాక పైభాగం గీకి శుభ్రం చేసి, పగుళ్లు, కాంక్రీటు సరిగా నిండక తేనెపట్టులా బొక్కలు పడ్డ చోట్లు పూడ్చాలి. పిట్టగోడకీ స్లాబుకీ కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా తిప్పాలి. నూటికి తొంభై కారుడులు మొదలయ్యేది ఆ మూల దగ్గరే అని అనుభవమున్న మేస్త్రీలంతా చెబుతారు. తర్వాత వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, ఒకదానికొకటి అడ్డంగా, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా. అది ఆరాక డాబా మీది వాన నీళ్లు కిందికి పోయే గొట్టాలు మూసి, డాబా నిండా నీళ్లు నిలబెట్టి 48 గంటలు ఉంచాలి. కింద గదుల్లో ఎక్కడా చెమ్మ కనబడకపోతేనే ముందుకెళ్లాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టి బోర్డులు పరిచేస్తే, తర్వాత ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి పైనంతా పగలగొట్టాలి.

పరీక్ష నెగ్గాక బోర్డులను ఇటుక వరసల్లా అతుకులు మారుస్తూ పరిచి, అతుకుల మీద టేపు వేయాలి. దాని మీద పాలిథిన్ షీటు. దాని మీద చికెన్ మెష్ పెట్టి, సన్న చిప్స్‌తో 40 నుంచి 50 మిల్లీమీటర్ల కాంక్రీటు, నీటి గొట్టం వైపు పది అడుగులకు అంగుళంపావు వాటం వచ్చేలా. ఈ కాంక్రీటును పదడుగుల గళ్లుగా విడగొట్టి, మధ్య సందుల్లో సాగే సీలెంటు నింపాలి. గళ్లు పెట్టకపోతే ఎండకు వ్యాకోచించి మొదటి వేసవిలోనే పగుళ్లు పడుతుంది. పైన తెల్ల సిరామిక్ ముక్కలు లేదా తెల్ల టైల్స్. నీటి గొట్టాలు కనీసం రెండు, నాలుగంగుళాలవి ఉండాలి. ఒకదానికి కొబ్బరాకు అడ్డుపడినా రెండోది నీళ్లు లాగుతుంది.

బోర్డును స్లాబు పైన వేయాలా, కింద ఫాల్స్ సీలింగులో పెట్టాలా అని చాలామంది అడుగుతారు. పైనే. కింద పెడితే గదికి వేడి తగ్గుతుంది గానీ, స్లాబు మాత్రం రోజూ కాగి, రోజూ చల్లారి, సాగుతూ ముడుచుకుంటూ పిట్టగోడ మొదట్లో పగులుతుంది. పైన పెడితే కాంక్రీటు ఉష్ణోగ్రత రోజంతా పెద్దగా మారదు, వాటర్‌ప్రూఫింగ్ పూత కూడా ఎక్కువ కాలం ఉంటుంది. పైగా ఫాల్స్ సీలింగు తొమ్మిదిన్నర అడుగుల గదిలో అడుగు ఎత్తు తినేస్తే ఫ్యాను రెక్కలకు పైనుంచి గాలి లాక్కునే చోటు మిగలదు.

బోర్డుకి డబ్బు లేకపోతే? అప్పుడు తెలుపు ఒక్కటైనా చేయాలి. తెల్లని పైభాగం ఎండను వెనక్కి కొడుతుంది. సున్నంలో జిగురు కలిపి రెండు మూడు పూతలు వేస్తే చాలా తక్కువ ఖర్చుతో అయిపోతుంది. కాకపోతే వానాకాలంలో కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి. కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది. దేనికైనా మన తేమకి నల్ల పాచి పడుతుంది. పాచి పట్టిన తెల్ల డాబా తెల్ల డాబా కాదు. ఏటా ఫిబ్రవరిలో కొబ్బరి చీపురుతో రుద్ది కడగడం ఈ పెట్టుబడిలో భాగమే అనుకోవాలి.

పడమటి గోడ, నైరుతి గది

ఇక్కడ వాస్తు మాట రాకుండా కుదరదు. మన దగ్గర దాదాపు ప్రతి ప్లానులోనూ పెద్ద పడకగది నైరుతి మూలకే వస్తుంది. ఆ గదికి సాయంత్రం ఎండంతా పడమటి గోడ మీద పడుతుంది. నైరుతి బరువుగా, మూసి ఉండాలన్న పట్టింపుతో కిటికీలు చిన్నవి చేస్తారు. మన తీరంలో వేసవి గాలి ఎక్కువగా దక్షిణం, నైరుతి నుంచి వీస్తుంది, మధ్యాహ్నం మొదలయ్యే సముద్రపు గాలి ఆగ్నేయం వైపు నుంచి వస్తుంది. అంటే ఇంట్లో ఎక్కువసేపు పడుకునే గదికే ఎండ ఎక్కువ, గాలి తక్కువ. ఏసీ మొదట బిగించేది కూడా ఆ గదికే.

వాస్తు వదులుకోమని ఎవరినీ అనక్కర్లేదు. అదే వాస్తు మెట్లను పడమర, దక్షిణం వైపుల్లో, మరుగుదొడ్డిని వాయవ్యంలో పెట్టుకోనిస్తుంది. మెట్లు పడమటి గోడ వెంట బయటివైపు పోతే ఆ గోడకి నీడ వచ్చినట్టే. పడకగది పడమటి గోడకి లోపలివైపు నేల నుంచి పైదాకా బీరువా అరలు కడితే, గోడకీ మంచానికీ మధ్య రెండడుగుల బట్టల మందం వస్తుంది. కిటికీని దక్షిణపు గోడకి మార్చాలి, దానికి వేసవిలో నేరుగా ఎండ తగలదని పైన చూశాం. నాలుగడుగుల ఎత్తు దక్షిణపు కిటికీకి మార్చి నెల మధ్యాహ్నపు ఎండను కూడా ఆపాలంటే అడుగున్నర సన్‌షేడ్ చాలు.

పడమటి కిటికీకి మాత్రం సన్‌షేడ్ లెక్క పనిచేయదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సుమారు 33 డిగ్రీల ఎత్తులో, కిటికీకి ఎదురుగా ఉంటాడు. నాలుగడుగుల కిటికీని పైనుంచి కప్పాలంటే ఆరడుగుల సన్‌షేడ్ పోయాలి. అది ఎవరూ పోయరు. అక్కడ కావలసింది బయటివైపు అడ్డు: వెదురు తడిక, బయట బిగించే చుట్టు తెర, జాలీ, లేదా పదడుగుల దూరంలో ఒక కానుగ చెట్టు. లోపల వేసే కర్టెన్ ఎండను గాజు దాటి గదిలోకి వచ్చాక ఆపుతుంది, అప్పటికి వేడి లోపలే చిక్కుకుపోయి ఉంటుంది. నల్ల గాజు కూడా తానే కాగి గదిలోకి సెగ వదులుతుంది, పగలే లైటు వేసుకునేలా చేస్తుంది.

ఇక గోడ దేనితో? పరవాడ సింహాద్రి ఎన్టీపీసీ లాంటి బొగ్గు కేంద్రాల బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకలు ఈ ప్రాంతంలో బాగా దొరుకుతాయి. కొలత సమంగా ఉంటుంది, పూత సిమెంటు తక్కువ పడుతుంది, చెరువు మట్టి మిగులుతుంది. అయితే 'ఫ్లైయాష్ గోడ చల్లగా ఉంటుంది' అన్న మాట నిజం కాదు. వేడిని పోనిచ్చే విషయంలో అది ఎర్ర ఇటుకతో దాదాపు సమానమే. తేడా తెచ్చేవి మందం, గోడలో గాలి బుడగలు. రెండు వైపులా ప్లాస్టరింగు చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ యూ-విలువ 2 దగ్గర ఉంటుంది. ఖర్చు తగ్గించాలని బయటి గోడ నాలుగున్నర అంగుళాలకు కుదిస్తే దాదాపు 3కి పెరుగుతుంది. లోపల గాలి బుడగలతో తేలికగా ఉండే ఏఏసీ కాంక్రీటు బ్లాకులతో కట్టిన ఆరంగుళాల గోడకి అది 1కి కాస్త తక్కువ, ఎనిమిదంగుళాలకి 0.75 ప్రాంతంలో ఉంటుంది. ఇల్లంతా ఏఏసీ పెట్టే స్తోమత లేకపోతే పడమటి గోడ ఒక్కటి, మేడ మీద అయితే తూర్పు గోడ కూడా, ఏఏసీతో కట్టించి మిగతావి ఇటుకతో పోనివ్వొచ్చు. పిల్లర్ల మీద నిలిచే ఇంట్లో గోడలు బరువు మోయవు కనుక ఇలా కలపడానికి ఇబ్బంది లేదు.

ఏఏసీ మీద మన దగ్గర చెడ్డ పేరు రావడానికి కారణం బ్లాకు కంటే పనితనం. ఇటుకల్లా నీళ్లలో నానబెట్టి కడితే ఆరేటప్పుడు ముడుచుకుని పగులుతుంది. అంగుళం మందం సిమెంటు మాలు వాడకూడదు, దానికి వేరే జిగురు మాలు వస్తుంది, 3 మిల్లీమీటర్లు చాలు. కిటికీ అడుగున, లింటెల్ ఎత్తున సన్నటి కాంక్రీటు పట్టీలు పోయాలి. పిల్లరుకీ బ్లాకుకీ, బీముకీ బ్లాకుకీ కలిసే ప్రతి గీత మీదా ఎనిమిదంగుళాల వెడల్పు మెష్ కొట్టాకే ప్లాస్టరింగు చేయాలి. కరెంటు గొట్టాలకు గాడి కోసే పని కట్టరుతో చేయాలి, సుత్తి, ఉలి పెడితే బ్లాకు లోపల చిట్లుతుంది. బయటి ప్లాస్టరింగు రెండు పూతలుగా, వాటర్‌ప్రూఫ్ పౌడరు కలిపి చేయాలి. తుఫాను వాన నిలువుగా పడదు, గోడను అడ్డంగా కొడుతుంది.

తెరుచుకోని కిటికీలు

ఈ పదేళ్లలో మన ఇళ్లకి జరిగిన పెద్ద నష్టం, ఎవరూ పట్టించుకోనిది, రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ. చెక్క తలుపుల కిటికీ తెరిస్తే దాని వైశాల్యంలో తొంభై శాతం గాలికి దారి ఇస్తుంది. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే. మూడు పలకలదైతే మూడింట రెండు వంతులు. 10 బై 12 గదికి ఆరో వంతు అంటే 20 చదరపు అడుగుల తెరపి కావాలి. అందులో 4 బై 4 స్లైడింగ్ కిటికీ ఒకటి పెడితే దొరికేది 8. అదే కొలతలో బయటికి తెరుచుకునే రెక్కల కిటికీలు రెండు పెడితే దాదాపు 29. ప్లాస్టిక్ చట్రాల యూపీవీసీ కిటికీల్లోనే పక్కకి తెరుచుకునే రకం ఉంటుంది, అడిగి చేయించుకోవాలి. దోమల జాలీ కూడా గాలి వేగాన్ని తగ్గిస్తుంది కనుక జాలీ పెట్టేవారు ఆ ఆరో వంతు మీద ఇంకొంచెం కలుపుకోవాలి.

రెండు కిటికీలు ఒకే గోడకి పెడితే గాలి లోపలికి రాదు. వచ్చిన గాలికి పోయే దారి ఎదురు గోడలోనో పక్క గోడలోనో ఉండాలి. మంచం ఎత్తుకి గాలి తగలాలంటే కిటికీ అడుగు నేల నుంచి రెండు రెండున్నర అడుగుల్లో ఉండాలి. పాతకాలంలో తలుపు పైన వెంటిలేటర్ పెట్టేవాళ్లు, ఇప్పుడు అందం పోతుందని మూసేస్తున్నారు. తలుపు వేసుకుని పడుకునే ఇంట్లో వేడి గాలి బయటికి పోయే దారి అదొక్కటే.

మన పల్లెల్లో, పాత పేటల్లో ఇళ్లు వరసగా, ఉమ్మడి గోడలతో ఉంటాయి. వీధి వైపు 20 అడుగులు, లోపలికి 60 అడుగులు. వెనకటి పెంకుటిళ్లలో మధ్యలో మండువా ఉండేది, వెనక పెరడు ఉండేది. ఇప్పుడు అదే స్థలంలో వీధి అంచు నుంచి వెనక గోడ దాకా స్లాబు పోసేస్తున్నారు. నడిమి గదికి పగలు కూడా ట్యూబ్‌లైటు కావాలి. ఇలాంటి స్థలంలో మధ్యన కనీసం 5 బై 5 అడుగుల ఖాళీ వదలాలి, మెట్ల గదిని దానికి ఆనించాలి. వేడి గాలి దాని గుండా పైకి లేస్తుంది, ముందు వెనక కిటికీల నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. వాన కోసం పైన పాలికార్బొనేట్ షీటు వేయొచ్చు, కానీ స్లాబుకి ఒకటిన్నర అడుగుల ఎత్తున, నాలుగు పక్కలా వాలు రెక్కలతో. నేరుగా స్లాబు మీద బిగిస్తే ఆ ఖాళీ వేడి పెట్టెగా మారుతుంది.

ఏసీ గది వేరు, మిగతా ఇల్లు వేరు

గాలి ఆడే ఇల్లు, ఏసీ గది ఒకదానికొకటి విరుద్ధం. ఒకటి తెరుచుకోవాలి, ఇంకోటి బిగుతుగా మూసుకోవాలి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం వల్లే ఎటూ కాని ఇళ్లు వస్తున్నాయి. ఏ ఒకటి రెండు గదులకి ఏసీ వస్తుందో ప్లాను నాడే తేల్చుకుని, ఆ గది కిటికీ రెక్కలకి మాత్రం రబ్బరు గ్యాస్కెట్లు, తలుపు కింద బ్రష్ పట్టీ పెట్టించాలి. వెంటిలేటర్‌కి మూసే గాజు తలుపు ఉండాలి. తేమ గాలి సందుల్లోంచి దూరుతూ ఉంటే ఏసీ శక్తిలో పెద్ద భాగం గదిని చల్లబరచడానికి బదులు నీళ్లు పిండడానికే పోతుంది.

టన్నుల విషయంలో 'పెద్దదైతే మంచిది' అన్న మాట తేమ ప్రాంతంలో నష్టం చేస్తుంది. అవసరానికి మించిన ఏసీ గదిని చకచకా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసే సమయమే దానికి ఉండదు. గది చల్లగా, జిడ్డుగా ఉంటుంది, బీరువాలో బట్టలకి బూజు పడుతుంది. పైన చెప్పినట్టు బోర్డు వేసిన కప్పు కింద 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ సరిపోతుంది. లేబుల్ మీద నక్షత్రాలతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఆ అంకె 1600 గంటల వాడకానికి కట్టినది. రాత్రికి పది గంటలు, ఏడాదిలో ఏడు నెలలు వాడేవారికి అది 2100 గంటలవుతుంది, ఆ నిష్పత్తిలో పెంచి చూసుకోవాలి. 26 దగ్గర పెట్టి ఫ్యాను తిప్పితే 23 దగ్గర ఉన్నంత హాయి ఉంటుంది. బయటి యూనిట్‌ని ఇరుకు సందులో పెట్టొద్దు, అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. భోగాపురం, కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఉప్పు గాలి తగిలే ఊళ్లలో కండెన్సర్ రాగిదే తీసుకోవాలి, తుప్పు నిరోధక పూత ఉండాలి, నెలకోసారి మంచినీళ్లతో కడగాలి.

కూలర్ల గురించి ఒక్క మాట. సాలూరు, బొబ్బిలి వైపు పొడి మధ్యాహ్నాల్లో అవి కాస్త పనిచేస్తాయి. సముద్రం దగ్గర గాలి అప్పటికే తేమతో నిండి ఉండటంతో నీరు ఆవిరి కాదు, గదిలో ఉక్క పెరుగుతుంది తప్ప చల్లబడదు.

ఫ్యాను లెక్క మాత్రం అందరికీ వర్తిస్తుంది. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దరిదాపు. నాలుగు ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 65 యూనిట్లు మిగులుతాయి. మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో యూనిట్ ధర మెట్లుగా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. 2022-23 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలైతే, 225 దాటాక యూనిట్ 8.75 రూపాయలు. ఆదా అయ్యే యూనిట్లు పై మెట్టు నుంచే తగ్గుతాయి, అందుకే లాభం కనబడేదానికంటే ఎక్కువ. బీఎల్‌డీసీ ఫ్యానుకి గోడ రెగ్యులేటర్ కలపకూడదు, సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది. కొత్త ఇంట్లో ఆ పాయింట్లకి రెగ్యులేటర్లు కొనడం మానేసి ఉత్త స్విచ్ పెట్టించండి.

సోలార్, తుఫాను

ఒక కిలోవాట్ సోలార్ పలకలు రోజుకి సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి, సుమారు వంద చదరపు అడుగుల చోటు తీసుకుంటాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000, మూడో దానికి 18,000, మొత్తం 78,000 రూపాయల దాకా రాయితీ ఉంది. దేశంలో తయారైన సెల్స్ ఉన్న పలకలకే అది వర్తిస్తుంది. పలకలు దక్షిణానికి, 15 డిగ్రీల వాలుతో చాలు. నీళ్ల ట్యాంకు, మెట్ల గది వాటికి దక్షిణాన ఉంటే చలికాలంలో నీడ పడుతుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికి ఆరడుగుల ట్యాంకు నీడ పదిన్నర అడుగులు సాగుతుంది. వాస్తు కోసం ట్యాంకు నైరుతిలో పెడితే పలకలను తూర్పు వైపు, కనీసం అంత దూరంలో అమర్చాలి.

మన తీరానికి అసలు పరీక్ష గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏం చేశాయో రెండు జిల్లాలకీ తెలుసు. పూర్తయిన డాబాకి డ్రిల్లు వేసి స్టాండు బిగిస్తే ఒకేసారి రెండు నష్టాలు: వాటర్‌ప్రూఫింగ్‌కి చిల్లి, గాలికి పట్టు చాలని బోల్టు. స్లాబు కడ్డీలు కట్టే రోజే దిమ్మల చోట్లు గీసి, కడ్డీలు పైకి వదిలి, స్లాబుతో కలిపి దిమ్మలు పోయించాలి. వాటర్‌ప్రూఫింగ్ పూతను ఆ దిమ్మల మీదికి ఎక్కించాలి. స్టాండు హాట్ డిప్ గాల్వనైజ్డ్ ఇనుముదో అల్యూమినియందో, నట్టు బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. డాబా నుంచి మీటరు బోర్డు దాకా రెండంగుళాల ఖాళీ గొట్టం గోడలోనే వదిలిపెట్టాలి. సోలార్ ఐదేళ్ల తర్వాత పెట్టుకునేవాళ్లు కూడా దిమ్మలు, గొట్టం ఇప్పుడే చేయించుకోవాలి.

చాలామందికి ముందు చెప్పని విషయం: గ్రిడ్‌కి కలిపిన మామూలు సోలార్, లైన్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. తుఫాను తర్వాత ఎండ విరగకాసినా ఇంట్లో దీపం వెలగదు. అప్పుడు కూడా కరెంటు కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఆరు ఎల్‌ఈడీ బల్బులు కలిపి 145 వాట్లు, 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ ఒకటి ఎనిమిది గంటలు లాగుతుంది. పాత ఫ్యాన్లతో అయితే అదే బ్యాటరీ నాలుగైదు గంటలకే దిగిపోతుంది.

ఇప్పటికే స్లాబు, పిట్టగోడ అయిపోయిన ఇంటికి

డాబా మీద బోర్డు, కాంక్రీటు వేయడానికి ముందు ఇంజనీరుని అడగాలి. 50 మిల్లీమీటర్ల కాంక్రీటు చదరపు మీటరుకి 120 కిలోల బరువు. స్లాబు డిజైన్‌లో పైపూత కోసం అంత వదలకపోతే, బోర్డు మీద అతికించి వచ్చే తేలికపాటి టైల్స్ లేదా తెల్ల పూతతో సరిపెట్టాలి. పడమటి కిటికీకి బయట తడిక కట్టడానికి, స్లైడింగ్ పలకలు తీయించి తెరుచుకునే రెక్కలు పెట్టించడానికి గోడ పగలగొట్టక్కర్లేదు. డాబా పని మాత్రం జనవరి, మార్చి మధ్య పెట్టుకోండి. నవంబరు దాకా వాయుగుండాల భయం ఉంటుంది, ఏప్రిల్ దాటితే సాయంత్రపు ఉరుముల వానలు ఆరని పూతను కడిగేస్తాయి.